తీయని మచ్చుల లెక్క: మహలనోబిస్ స్మారకోపన్యాసము



ఒక శాస్త్రమును స్వదేశమున ప్రతిష్ఠింపబూని, దానికొక పాఠశాలను, ఒక పత్రికను, ఒక తరము శిష్యులను, తుదకు ప్రభుత్వమున ఒక శాఖను సైతము సమకూర్చిపోయిన మహనీయుని స్మరించు సభ ఇది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించిరి. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము ముగించి 1915లో ఇంటికి బయలుదేరనున్న తరుణమున, కింగ్స్ కళాశాల గ్రంథాలయములో అధ్యాపకుడొకరు బయోమెట్రికా పత్రికా సంపుటములను ఆయనకు చూపిరి; యుద్ధకారణమున ఓడ ఆలస్యమగుటచే వానిని తిరుగవేయు తీరిక చిక్కినది; సంపుటములను వెంట గొనివచ్చి ఓడలోనే చదువనారంభించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచు, ఆ శాఖలోనే ఒక గదిలో వారు నెలకొల్పిన లెక్కల ప్రయోగశాల 1931 డిసెంబరులో భారతీయ సాంఖ్యక సంస్థగా పరిణమించినది. 1933లో 'సంఖ్య' పత్రిక వెలువడినది. 1950లో జాతీయ మచ్చు సర్వే ప్రారంభమైనది. 1972 జూన్ 28న, మరునాడు జన్మదినమనగా, వారు పరమపదించిరి.

ఆ సంస్థతో తెలుగువారికి గల చుట్టరికమును గూర్చి ఒక్క మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, సైన్యమునకు సంబంధించిన ఉద్యోగమొకదానికై కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ఆ ఉద్యోగము లభింపక, 1941 జనవరిలో ఈ సంస్థయందు శిక్షణార్థిగా చేరిరి; పక్షపాతము లేని ఏ అంచనాయైనను ఒక మేరకు మించి సూక్ష్మము కాజాలదని నిరూపించు సిద్ధాంతమును 1945లోనే ప్రకటించిరి. ఆ ఉద్యోగమే దొరికియున్నచో ఈనాటి సాంఖ్యక గ్రంథములలో ఆయన పేరు ఏ రీతిగా నుండెడిదో!

నేటి నా వాదము క్లుప్తముగా నిది. ఒక మచ్చు నమ్మదగినదా కాదా అను ప్రశ్నకు, ఆ మచ్చును ఎంత తిరగవేసి మరగవేసి చూచినను సమాధానము దొరకదు. దానిని తీసిన విధానమును పరీక్షింపవలెను; ఆ విధానమునకు కొలబద్ద, అదే విధానముచే మనకు రాదగియుండియు రాక మిగిలిపోయిన తక్కిన మచ్చుల సమూహము. మన చేతిలోనున్న ఒక్క మచ్చు విలువను మనము తీయని మచ్చులే నిర్ణయించునన్నమాట. సాంఖ్యక శాస్త్రము మొదటి సంవత్సరము చదువు విద్యార్థి సగటు, విచలనము మొదలగువానిని ఒడుపుగా దాటివచ్చి, ఈ గడపకడనే కాలు తట్టుకొనుచున్నాడు గనుక, ఈ ఒక్క విషయమునే తీరికగా చెప్పదలచినాను. ఏ సమూహమును గూర్చి తెలియగోరుదుమో దానిని సమష్టి యందును. దానినుండి తీసిన భాగమును మచ్చు అందును. పాఠ్యపుస్తకములలోని ప్రతిచయనము మొదలగు మాటలను పరీక్షలలో మీరు నిశ్చింతగా వాడుకొనవచ్చును.

1

ఉడికిన అన్నమునకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో పసివారికి సైతము తెలియును. శాస్త్రకారులు దీనికే స్థాలీపులాకన్యాయమని పేరు పెట్టిరి. మచ్చు ప్రస్తావన రాగానే ప్రతి ఉపాధ్యాయుని నోటను మొదట వెలువడు ఉదాహరణమిదియే. కుండకు ఈ న్యాయము చక్కగా చెల్లును. ఏలయన ఆ బియ్యమంతయు ఒకే బస్తాలోనిది, ఒకే నీటిలో, ఒకే సెగపై, గరిటెతో కలియబడుచు ఉడికినది. కావున ఏ మెతుకైనను తక్కిన మెతుకులకు సాక్షి కాగలదు. ఊరి పొలమునకు గరిటె పెట్టి కలియబెట్టువాడెవడు? కాలువ మొదటనున్న మడికిని, నీరందీ అందని శివారు మడికిని ఒకే ఊరిలో దిగుబడి సగము తేడా రావచ్చును. అట్టి చోట ఒక్క మడి మరియొక మడికి సాక్ష్యము చెప్పజాలదు.

భారతములో నలోపాఖ్యానము మీరెరిగినదే. విదర్భకు రథము పరుగెత్తుచుండగా ఋతుపర్ణ మహారాజు దారిలోని తాండ్రచెట్టును చూచి, దాని కొమ్మలయందలి ఆకులెన్నో కాయలెన్నో చెప్పివేయును. బాహుకుని వేషముననున్న నలునకు నమ్మకము చాలదు. రాజు వేళ మించిపోవుచున్నదని తొందరించుచున్నను రథమాపి, చెట్టును కూల్చి, లెక్కించి, రాజు చెప్పిన లెక్క సరియేయని విస్మితుడగును. ఋతుపర్ణుడు తనకు పాచికల మర్మమును, గణనమును రెండును తెలియునని చెప్పినట్లుండుట ఈ శాస్త్రము చదివినవారికి ముచ్చట గొల్పును. అయినను నన్ను ఆకర్షించునది నలుని చేష్ట. అంచనాను సరిచూచుటకు ఆయన చెట్టునే పడగొట్టవలసివచ్చినది. సంపూర్ణగణనము మన శక్తికి మించినది గనుకనే, లేదా గణించుటలో వస్తువే నశించును గనుకనే మచ్చు తీయుచున్నాము. కావున మచ్చు ఫలితమును సంపూర్ణగణనముతో పోల్చి నమ్ముదమనుట కుదిరెడు పని కాదు. నమ్మకము మరియొక చోటినుండి రావలెను.

2

మచ్చును మచ్చుగా చూచి నమ్మినవారికి ఎట్టి శాస్తి జరిగినదో రెండు చరిత్రలు చెప్పుదును.

అమెరికాలో లిటరరీ డైజెస్టు అను పత్రిక 1936వ సంవత్సరపు అధ్యక్ష ఎన్నికకు ముందు సుమారు కోటిమందికి చీటీలు పంపినది. చిరునామాలు టెలిఫోను పట్టికలనుండియు, మోటారుకార్ల యజమానుల జాబితాలనుండియు సేకరించిరి. ఇరువది మూడు లక్షలకు పైగా జవాబులు వచ్చినవి. లాండన్ నూటికి 57 వోట్లతో రూజ్‌వెల్టును ఓడించునని పత్రిక ప్రకటించినది. ఎన్నికలో రూజ్‌వెల్టునకు నూటికి అరవైకి పైగా వోట్లు రాగా, లాండన్ పక్షమున రెండే రెండు రాష్ట్రములు నిలిచినవి. ఆర్థికమాంద్యపు రోజులలో టెలిఫోను, మోటారు గలవారు ఎవరో ఊహింపవచ్చును; చీటీ అందినవారిలోను శ్రమపడి తిరిగి పంపినవారు నాలుగింట ఒకవంతునకు లోపే. ఇదే పత్రిక 1932లో ఫలితమును సరిగా చెప్పియుండుట గమనింపదగినది. జోస్యము ఒకమారు ఫలించుట పద్ధతి మంచిదనుటకు నిదర్శనము కాజాలదు.

రెండవది ఇటలీలోనిది. 1921 జనాభా లెక్కల కాగితములనుండి కొంతభాగమును మాత్రము భద్రపరుపదలచి, గీనీ, గల్వానీ అను పండితులు 214 మండలములలో 29ని ఎన్నుకొనిరి. ఎన్నికలో వారెంత జాగ్రత్త వహించిరనగా, ముఖ్యమైన ఏడు లక్షణములయందు ఆ 29 మండలముల సగటులు దేశపు సగటులతో సరిపోవునట్లు చూచుకొనిరి. దేశమునకు అద్దము పట్టినట్లున్న ఆ మచ్చును తక్కిన లక్షణముల విషయమున పరీక్షింపగా, అది దేశమును బోలనేలేదు. 1934లో సాంఖ్యక శాస్త్రజ్ఞుడు నేమన్ మచ్చు తీయు విధానములపై ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసమునకు ఈ వైఫల్యమే ఒక ఆలంబనము. మచ్చును సమష్టివలె కనబడునట్లు తీర్చిదిద్దు ప్రయత్నము, మనకు ముందే తెలిసిన విషయములలో మాత్రమే ఆ పోలికను సాధింపగలదు. తెలియనివానిని గూర్చి తెలిసికొనుటకే గదా మచ్చు తీసినది!

అందుచేత ఎంపికను మానవుని వివేకమునుండి తప్పించి యాదృచ్ఛికతకు అప్పగింపవలసివచ్చినది. యాదృచ్ఛికమనగా 'ఏదో ఒకటి తీయుట' అని భ్రమపడరాదు. సమష్టిలోని ప్రతి అంశమునకును ఎంపిక యగుటకు ఎంత సంభావ్యత గలదో ముందే తెలిసియుండునట్లు ఏర్పరచిన కట్టుదిట్టమైన నియమమది.

3

ఆ నియమము పొలములో ఎట్లు నడచునో, వరిపంట కోతప్రయోగమును నిదర్శనముగా తీసికొని చూతము. మన దేశమున ఈ దారి తొక్కినవారిలో ప్రథమగణ్యుడైన హబ్బక్ అను ఐ.సి.ఎస్. అధికారి, బిహారు, ఒరిస్సాలలో వరి దిగుబడిని యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న చిన్న తునకలను కోయించి కనుగొని, 1927లో తన నివేదికను ప్రకటించెను. దానిని తరువాత 'సంఖ్య' పత్రిక పునర్ముద్రించినది. మహలనోబిస్ 1937 మొదలుకొని బెంగాలులో జనుపసాగుపై ఏటేట మచ్చు సర్వేలు నడిపి, మొదటి యేడు చిన్న ఎత్తున, తరువాత ఇంకొంత పెద్ద ఎత్తున పరిశీలించుచు, ఎంత ఖర్చునకు ఎంత సూక్ష్మత లభించునో లెక్కగట్టుటను కూడ శాస్త్రములో భాగము చేసిరి.

ఇప్పటి పద్ధతి యిది. మండలములను స్తరములుగా విడదీసి, ప్రతి స్తరమునుండి కొన్ని గ్రామములను, గ్రామమున ఆ పంట గల సర్వే నంబర్లను, వానిలో చేలను యాదృచ్ఛిక సంఖ్యలచే ఎన్నుకొందురు. గ్రామమునకు సాధారణముగా రెండు ప్రయోగములు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలకు మూలపురుషుడు టిప్పెట్. ఆయన 1927లో ఇంగ్లండు జనాభా లెక్కల నివేదికలనుండి 41,600 అంకెలు ఏరి ముద్రించెను. ఉద్యోగి చేనిని చేరిన పిమ్మట నిజమైన పరీక్ష ఆరంభమగును. ఎదుట పచ్చబడి బరువుగా వంగిన వెన్నులున్న చోటు ఒకటి, తాలు పట్టి వెలవెలబోవు చోటు ఒకటి కనబడుచుండును. రైతు గట్టుమీద నిలిచి 'అయ్యా, ఇటు రండి' అనుచుండును. ఉద్యోగి ఎటును పోరాదు. చేని నైరృతి మూలనుండి బయలుదేరి, పొడవు వెంబడి ఇన్ని అడుగులు, వెడల్పు వెంబడి ఇన్ని అడుగులు అని పట్టికలోని సంఖ్యలు చెప్పినంత నడచి, ఆగిన చోట మేకు పాతవలెను. ఆ మేకునుండి అయిదు మీటర్ల చదరమును తాళ్లతో గుర్తించి, లోపలి దుబ్బులను మాత్రము కొడవలితో కోయించి, అక్కడనే నూర్చి, తూర్పారబట్టి, తూకము వేయవలెను. చదరము చేని హద్దు దాటకుండునట్లు, నడువవలసిన అడుగుల గరిష్ఠసంఖ్య చేని కొలతలోనుండి చదరపు కొలతను తీసివేసి ముందే నిర్ణయింపబడియుండును. మేకు పడిన చోట తాలే ఉన్నను, అదియే మచ్చు.

స్తరములుగా విడదీయుటవలన కలుగు లాభము స్పష్టమే: కాలువక్రింది భూమిని, మెట్టను ముందే వేరుచేసినచో, మచ్చంతయు దైవవశమున ఒకే వైపునకు ఒరగు ప్రమాదము తొలగును. ఇండ్ల జాబితాలో ఒకటి యాదృచ్ఛికముగా తీసి, అటుపై ప్రతి పదియవ ఇల్లు తీసికొనుట మరియొక సులువు. వరుసలో ఏదైన ఆవృత్తి యున్నచో మాత్రము అది ముంచును. ఇట్టి భేదములు పుస్తకములలో కావలసినన్ని గలవు. వానన్నిటి వెనుక ప్రాణభూతమైనది, మచ్చు నిర్ణయమైన క్షణమున నిర్ణేత మనుష్యుడు కాకుండుట.

4

ఇక ఘట్టము జటిలము. కొంచెము చెవి యొగ్గుడు. యాదృచ్ఛికతకు అప్పగించినంతమాత్రమున మచ్చు తప్పక మంచిదగునా? కాదు. అయిదు చేలే గల చిన్న సమష్టిని ఊహింతము. వాని దిగుబడి ఎకరమునకు 18, 22, 25, 28, 32 బస్తాలు. సగటు 25. రెండేసి చేలు తీసినచో పది మచ్చులు సాధ్యము. వాని సగటులు వరుసగా 20, 21.5, 23, 25, 23.5, 25, 27, 26.5, 28.5, 30. కాగితము గలవారు సరిచూచుకొనవచ్చును. మనకు చిక్కునది ఈ పదింటిలో ఒక్కటి. 18, 22 పడినచో మన అంచనా 20. అయిదు బస్తాలు తప్పు. 22, 28 పడినచో అంచనా సరిగా 25. అయితే 20 వచ్చినవానికిగాని 25 వచ్చినవానికిగాని, తన చేతి కాగితములో తానెవడో తెలుపు గుర్తేదియు లేదు. ఒక మచ్చు మంచిచెడ్డలు ఆ మచ్చులో కనబడవని నేను మొదటనే అన్నది ఇందుకే.

అయినను పదింటిని కలిపి చూచినచో కనబడునవి కొన్ని గలవు. పది సగటుల సగటు సరిగా 25. అనగా విధానము ఏ వైపునకును పక్షపాతము చూపుట లేదు. పదింటిలో ఆరు, నిజమైన సగటునకు రెండు బస్తాల దూరములోపలనే యున్నవి. నాలుగేసి చేలు తీసినచో సాధ్యమగు అయిదు మచ్చుల సగటులు 23.25, 24.25, 25, 25.75, 26.75, అన్నియు ఆ రెండు బస్తాల లోపలివే. ఇట్లు సాధ్యమైన మచ్చులన్నిటి సగటులు ఏర్పరచు విభాజనమునే ప్రతిచయన విభాజనమందురు. దాని వెడల్పును కొలుచు సంఖ్యయే ప్రమాణ దోషము. విద్యార్థి ఇచట మూడు విభాజనములను కలగాపులగము చేయును: సమష్టిలోని చేల దిగుబడుల విభాజనము ఒకటి, తీసిన మచ్చులోని దిగుబడుల విభాజనము రెండవది, సగటుల విభాజనము మూడవది. మొదటిది లోకమున గలదు, రెండవది మన పుస్తకములో గలదు. మూడవది ఎచటను కంటికి కనబడదు. తీసిన విధానమునుండి బుద్ధితో కట్టుకొనవలెను.

కంటికి కనబడదంటిని గాని, దానిని చేతులతో తయారుచేసి చూచిన వాడొకడు గలడు. డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కర్మాగారములో రసాయనజ్ఞుడుగా నుండిన గాసెట్టునకు, బార్లీ ప్రయోగములలో నాలుగైదు పరిశీలనములకు మించి లభించెడివి కావు. అట్టి చిన్న మచ్చులకు పాత సూత్రములు వర్తించునా? 3,000 మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి నడిమివ్రేలి పొడవులు అంతకుముందే ప్రకటితమై యుండెను. గాసెట్టు ఒక్కొక్కరి కొలతలను ఒక్కొక్క అట్టముక్కపై వ్రాసి, ముక్కలన్నిటిని బాగుగా కలియబెట్టి, వరుసగా నాలుగేసి చొప్పున తీసి 750 మచ్చులు చేసెను. ప్రతి మచ్చుకును సగటును, విచలనమును గణించి, అవి ఏ రీతిగా వ్యాపించుచున్నవో తాను గణితముచే ఊహించిన వక్రరేఖతో సరిచూచెను. నాలుగే పరిశీలనములున్నప్పుడు సగటుతోబాటు విచలనపు అంచనా కూడ ఊగులాడును గనుక, దూరపు విలువలు సామాన్య విభాజనము చెప్పినదానికంటె తరచుగా వచ్చునని ఆయన కనుగొన్నదే నేడు మీరు పట్టికలలో చూచు టీ విభాజనమునకు మూలము. 1908లో 'స్టూడెంట్' అను మారుపేరుతో అది ప్రకటితమైనది. ఈ గదిలోని అధ్యాపకులకు నా మనవి యొకటి: సూత్రమును నల్లబల్లపై వ్రాయుటకు పూర్వము పిల్లలచేత ఈ అట్టముక్కల పని ఒక పూట చేయింపుడు. కంప్యూటరు క్షణములో పదివేల మచ్చులు తీయును, నిజమే. చేతులు నొచ్చిన జ్ఞానము వేరు.

మచ్చు పెద్దదైనకొలది సగటుల విభాజనము గంటయాకారపు సామాన్య విభాజనమును సమీపించునను సిద్ధాంతము డి మ్వావర్ కాలమున మొలకెత్తి, లాప్లాసు చేతిలో ఎదిగినది. సమష్టి ఒకవైపునకు సాగియున్నను ఇది సాధారణముగా నిలుచును. కాని ఆదాయములవలె కొలదిమంది చేతిలో అత్యధికము పోగుపడియున్నచోట, 'పెద్ద మచ్చు' అనగా ముప్పది అను పుస్తకపు మాటను పట్టుకొని ఊరక కూర్చుండరాదు.

5

ప్రమాణ దోషము మచ్చు పరిమాణపు వర్గమూలమును అనుసరించి తగ్గును. దోషమును సగము చేయవలెనన్న మచ్చును నాలుగు రెట్లు చేయవలెను. ఖర్చు పెట్టువారికి ఇది చేదు మాత్ర. ప్రజలలో సగముమంది ఒక పక్షమున నున్నారనుకొనుడు: వేయిమంది యాదృచ్ఛిక మచ్చునకు ప్రమాణ దోషము నూటికి 1.6, నాలుగు వేలమందికి 0.8.

ఈ లెక్కలో సమష్టి పరిమాణము దాదాపు కనబడదు. లక్షమంది గల పట్టణమునకు వేయి, పదికోట్ల జనులు గల రాజ్యమునకును వేయియేనా యని శ్రోతలు అడుగుట పరిపాటి. రెండింటి ప్రమాణ దోషమునకు భేదము నూటికి అరవంతు మాత్రమే. నమ్మకము కుదరనివారు సగటుల వ్యాప్తి దేనినుండి పుట్టుచున్నదో ఆలోచింపవలెను: అంశములకు తమలో తమకు గల భేదము ఒకటి, ఎన్నిటిని తీసితిమను సంఖ్య యొకటి. తీయక విడిచినవి లక్షయో కోటియో అనునది ఈ రెండింటిని మార్చదు. అయిదు చేలలో నాలుగు తీసినప్పటివలె మచ్చు సమష్టిలో చెప్పుకోదగ్గ భాగమైనప్పుడే ఆ సంఖ్యకు ప్రాముఖ్యము వచ్చును. జిల్లా జిల్లాకు వేరువేరుగా అంచనా కావలెనన్నచో మాత్రము ప్రతి జిల్లాకును వేయి కావలెను. ప్రభుత్వములు ఈ సంగతిని తరచు మరచును.

ఇప్పుడు లిటరరీ డైజెస్టు వద్దకు మరలుదము. ఇరువది మూడు లక్షల జవాబులకు ఇదే సూత్రమును ప్రయోగించినచో ప్రమాణ దోషము నూటికి 0.03. వాస్తవములో అది తప్పినది దాదాపు పదునెనిమిది. సూత్రములో లోపము లేదు. ఆ మచ్చు ఏ సంభావ్యతా నియమమునకును లోబడి రాలేదు గనుక, దానికి తోడుగా నిలువవలసిన తీయని మచ్చుల సమూహమే లేదు. దానికి ఈ సూత్రమును ప్రయోగించుట లేనిదాని వెడల్పును కొలుచుటయే.

6

మచ్చు యాదృచ్ఛికమైనను ప్రతిచయన విభాజనము చెప్పజాలని దోషములు గలవు. బెంగాలులో మహలనోబిస్ చిన్న తునకలను కోయింపగా, వ్యవసాయ పరిశోధనా మండలిలోనుండిన సుఖాత్మే, తునక మరీ చిన్నదైనచో దిగుబడి అధికముగా తేలునని ప్రయోగపూర్వకముగా వాదించిరి. కారణము సులభము. తాటివెంబడి నున్న దుబ్బు లోపలిదా వెలుపలిదా అను సందేహము కలిగినపుడు కోయువాని కొడవలి లోపలికే మొగ్గును. తునక చిన్నదైనకొలది వైశాల్యముతో పోల్చగా అంచు ఎక్కువ, కావున ఆ మొగ్గు ఫలితమును ఎక్కువగా ఉబ్బించును. ఇట్టి పక్షపాతము లక్ష తునకలు కోసినను తగ్గదు. అంచనా మరింత నిబ్బరముగా తప్పుచోటనే కుదురుకొనును. ఆ వివాదమున ఇరుపక్షములవారును పట్టుదల గలవారే. అంచు విషయమున మాత్రము సుఖాత్మే మాటయే చెల్లినదని నా అభిప్రాయము.

అట్లని మహలనోబిస్ మనుష్యదోషమును విస్మరించిరనుట అన్యాయము. దానిని పట్టుటకు వారు కల్పించిన ఉపాయము నాకు వారి కృషియంతటిలో మిక్కిలి ప్రియమైనది. ఒకే ప్రాంతమునుండి ఒకే విధానముచే రెండు స్వతంత్రమైన మచ్చులు తీసి, ఒకదానికొకటి అల్లుకొనునట్లు పరచి, వానిని రెండు వేరువేరు బృందముల కప్పగింతురు. ఒక బృందపు కాగితములు రెండవ బృందము చూడదు. రెండు అంచనాలును యాదృచ్ఛికత అనుమతించు మేరలోనే భేదించినచో మంచిదే. అంతకు మించి భేదించినచో, ఎవరో పొలమునకు పోకుండ ఇంట కూర్చుండి పట్టిక నింపిరనియో, ప్రశ్నను తమకు తోచినట్లు మార్చి అడిగిరనియో విచారణ ఆరంభింపవచ్చును. ఇందులో మరియొక సౌలభ్యము గలదు. తీయని మచ్చులన్నిటిని బుద్ధితో ఊహించు బదులు, వానిలో ఒకదానిని నిజముగా తీసి ఎదుట పెట్టుకొన్నట్లయినది. సూత్రమెరుగని పాఠకుడు సైతము రెండంకెల ఎడమును చూచి అంచనాను ఎంతవరకు నమ్మవచ్చునో గ్రహించును. జాతీయ మచ్చు సర్వే ఈ జంట ఉపమచ్చుల పద్ధతిని స్వీకరించినది. నేటి పత్రికలు ఒకే అంకెను పెద్ద అక్షరములలో అచ్చువేయుచున్నవి. దాని ప్రక్కన రెండవ బృందపు అంకెను కూడ అచ్చువేయుమని అడుగు హక్కు పాఠకులకు గలదు.